బూజు పైనుంచే దిగింది

జూలై 16, మంగళవారం

ఈ డైరీ జనవరిలో బొగ్గు గని యూనియన్ వాళ్లు ఇచ్చింది. ఇన్నాళ్లూ టీవీ ఒక పక్కకు వంగకుండా దాని కాలు కింద పనికొచ్చింది. ఇవ్వాళ లాగి తీశాను. టీవీ వంగింది, వంగనీ. కడుపులో మాట చెప్పుకోవడానికి నాకు మనిషి కావాలి. మనిషితో మాటలు బంద్ అయ్యాయి కాబట్టి కాగితంతో చెప్పుకుంటున్నాను.

పడకగది మూలకు బూజు లేచింది. బీరువా పక్కన మొదలై మెట్ల వైపు కిటికీ దాకా నల్లగా చుక్కలు చుక్కలు. చేయి పెడితే చెమ్మ, వేలికి నలుపు. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరిని అడిగినా చెబుతారు. పైనుంచి. పై క్వార్టర్‌లో ఎవరున్నారు? పన్నెండేళ్లుగా నా తల మీద కాపురం చేస్తున్న సుసన్నక్క. ఆమె బాత్రూం సరిగ్గా నా పడకగది నెత్తినే ఉంది.

నిన్న మెట్ల దగ్గర మర్యాదగానే చెప్పాను.

"అక్కా, నీ బాత్రూం నీళ్లు నా గోడల దిగుతున్నయి. జర సూపిచ్చుకో."

"నా బాత్రూంల సుక్క నీళ్లాగవు సంతోషీ. నీ ఇల్లు నువ్వు సూసుకో."

నా ఇల్లు నేను చూసుకోవాలట! ఈ లైను మొత్తంలో నా ఇల్లంత శుభ్రమైన ఇల్లు ఏదైనా ఉందా? మధ్యాహ్నం ఓపెన్ కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయితే అందరి ఇళ్లలోకీ బొగ్గు దుబ్బ వస్తుంది. నా ఇంట్లో కిటికీ గట్టు మీద అన్నం పెట్టుకుని తినొచ్చు. ఎందుకంటే నేను కిటికీలు తెరవను.

ఆ కోపంలో ఇంకో మాట అన్నాను. "నెలాఖరుకు కాకపోతే పై నెలాఖరుకు పోయేటోళ్లే గద. పోయేముందు నా ఇల్లు కూలగొట్టి పోతరా?" అన్నాను. ఆమె ఇంటాయన ఎడ్వర్డ్ బావకు ఆగస్టు ఆఖరున రిటైర్మెంట్. క్వార్టర్ ఖాళీ చేసి మంచిర్యాలలో కట్టుకున్న ఇంటికి పోతారు. ఆమె మెట్లెక్కి పోయింది.

పోతే పోనీ. నాకేం.

మెట్లు నా పడకగది కిటికీని ఆనుకునే ఉంటాయి. ఇంట్లో నేను తెరిచి ఉంచే కిటికీ అదొక్కటే. ఎక్కుతూ దిగుతూ ఆమె అందులోంచి "సంతోషీ, ఉన్నవా?" అనడం, నేను "లేను" అనడం అలవాటు. దాన్ని కూడా మూసి, గొళ్లెం పెట్టి, సందుల్లో పాత గుడ్డలు కుక్కాను. ఇక ఆ గొంతు వినే పని లేదు.


జూలై 17

బ్లీచింగ్ నీళ్లతో గోడ తుడిచాను. కళ్లు మండాయి గానీ గోడ పాలలా అయింది. ఒక పీడ వదిలింది.


జూలై 22

మళ్లీ వచ్చింది.


జూలై 23, మంగళవారం

ముసురు పట్టి వారం అయింది. బట్టలు ఆరవు. వరండాలో వేస్తే ఏ మూల నుంచో దుబ్బ వచ్చి పడుతుందని పడకగదిలో అటూ ఇటూ తాళ్లు కట్టి, ఫ్యాను పెట్టి ఆరేశాను. ఈయన డ్యూటీ నుంచి వచ్చి తడి లుంగీలు, చీరల కింద నుంచి వంగి వంగి మంచం దాకా వెళ్లాడు.

"బొగ్గు బాయిల కూడ గింత వంగి నడువరు," అన్నాడు.

"మరి కిటికీలు తెరుసుకొని దుబ్బ మింగుదామా?"

"గింత వానల దుబ్బ ఏడ లేస్తదే?"

ఇరవై ఏళ్లుగా మూస్తున్న కిటికీలను వాన పడ్డంత మాత్రాన తెరుస్తారా ఎవరైనా?

మా అత్తమ్మ సారవ్వ మాత్రం పైకి పోయి చాయ్ తాగి వచ్చింది. ఇంటి కోడలికి ఇంత అవమానం జరిగితే ఈమె శత్రువుల ఇంట్లో బిస్కెట్లు ముంచుకుని తింటుంది.

"ఏమన్నది?" అని అడిగాను. నాకు అక్కర ఉండి కాదు.

"ఏమనలే. అల్లం మంచిగ దంచి ఏసింది," అన్నది అత్తమ్మ.


జూలై 28, ఆదివారం

సుసన్నక్క చర్చికి పోతూ మెట్లు దిగింది. చెప్పుల చప్పుడు నా కిటికీ దగ్గర ఆగింది. తర్వాత దిగిపోయింది.

ఆగిందో, చెప్పు ఊడిందో. నాకేం.


జూలై 30

చేపల పులుసు వాసన. ఇంతకు ముందైతే ఆదివారం, పండగ అని లేకుండా గిన్నె కిందికి వచ్చేది. అసలు ఆమె చింతపండు ఎక్కువ వేస్తుంది. పన్నెండేళ్లు మొహమాటానికి తిన్నాను.

ఇవ్వాళ మా ఇంట్లో పప్పు. బాగానే ఉంది.


ఆగస్టు 2, శుక్రవారం

దేవుడా, ఏం చేయను.

శ్రావణమాసం వస్తుంది, ఒక మంచి చీర తీసుకుందామని బీరువా తెరిచాను. అడుగు అరలో పాత దుప్పటిలో చుట్టిన మూట. సుసన్నక్క పెళ్లిచీర. తెల్ల పట్టు. మే నెలలో ఫాలు కుట్టమని, కొత్త జాకెట్ కుట్టమని ఇచ్చింది. మనం టైలరమ్మ కదా. రిటైర్మెంట్ రోజు బాయి దగ్గర పూలదండలు వేసి, శాలువాలు కప్పి, ఊరేగింపుగా ఇంటికి తెస్తారు. ఆ రోజు బావ పక్కన అదే చీర కట్టుకుని నిలబడాలని ఆమె కోరిక. "పెండ్లినాడు దండ ఏసుకున్నప్పుడు కట్టిన. మళ్ల ఇద్దరికి దండలు పడేది గిప్పుడే," అని నా చేతికిచ్చింది.

ఫాలు వెంటనే కుట్టాను, జాకెట్ కుట్టాను. కొంగు మడత విప్పకుండానే ఇస్త్రీ చేసి, దుప్పటిలో చుట్టి, భద్రంగా అడుగున పెట్టాను. ఇంత భద్రంగా ఎవరు పెడతారు? ఇవ్వాళ విప్పితే మడతల వెంట బూడిద రంగు పొడి, కొంగు దగ్గర పచ్చటి మచ్చలు. ముక్కిన వాసన.

మంచం మీద కూర్చుండిపోయాను.

ఆమె నీళ్లే ఆమె చీరను పాడు చేశాయి. న్యాయంగా చూస్తే అంతే. ఆ మాట పైకి పోయి చెప్పాల్సింది.

చెప్పలేదు.


ఆగస్టు 4

చీరను వరండా నీడలో గాలికి వేశాను. అటు లైనుకు, ఇటు మెట్లకు కనబడకుండా చుట్టూ మా దుప్పట్లు ఆరేసి మధ్యలో దాచాను. అత్తమ్మ వచ్చి ఒక దుప్పటి ఎత్తి చూసింది, దించింది, లోపలికి పోయింది. నోరు తెరవలేదు. ఆమె నోరు తెరవకపోతే నాకు భయం.

మెత్తని బ్రష్షుతో పొడి దులిపాను. వాసన పోయింది. మచ్చలు పోలేదు.


ఆగస్టు 6

చౌరస్తాలో డ్రైక్లీనింగ్ వాళ్లకు ఇచ్చాను. "కొన్ని పోతయి, కొన్ని పోవు. పట్టు గదా, గట్టిగ రుద్దితే పోగులు లేస్తయి," అన్నారు. అన్నీ పోవాలని గట్టిగా చెప్పి వచ్చాను. నేను గట్టిగా చెబితే మచ్చలు వింటాయా అన్నట్టు చూశాడు ఆ మనిషి.


ఆగస్టు 8, గురువారం

ఎడ్వర్డ్ బావ కిందికి వచ్చాడు. నేను తలుపు సగమే తెరిచాను. ఆయన ఆ సగంలోంచే నవ్వాడు.

"సంతోషీ, నేను పోయేలోపు గీ పంచాయితీ తెంపాలె. మా బాత్రూంల నీలిమందు కలిపి పోస్తం. కింద నీ గోడకు నీలం దిగితే తప్పు మాది. నా సొంతంగ మేస్త్రిని పెట్టి బాగు చేయించే పోత."

"దిగకపోతే?" అని ఈయన లోపలి నుంచి అడిగాడు. ఎవరు అడగమన్నారు?

"దిగకపోతే మరదలు మాకు చాయ్ పోస్తది," అన్నాడు బావ.

"దిగుతది," అన్నాను నేను. "పోయి పోయుండ్రి."


ఆగస్టు 9

పోశారు. పైన బకెట్ల చప్పుడు విన్నాను. నేను గోడకు ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. కూరగాయలు అక్కడే కోశాను. బియ్యం అక్కడే ఏరాను. చీకటి పడేదాకా ఎక్కడా నీలం లేదు. ఒకసారి కనబడింది, లేచి దగ్గరికి పోతే నా చీర నీడ.


ఆగస్టు 10, శనివారం

రాలేదు. ఇంటి వెనక మోరీలో మాత్రం నీలం బ్రహ్మాండంగా పారింది. లైనులో పిల్లలంతా చూసి వచ్చారు. సుసన్నక్క బాత్రూం నీళ్లు ఎటు పోవాలో అటే పోయాయి.

అత్తమ్మ గోడ చూసి, మోరీ చూసి, నన్ను చూసింది.

"చాయ్‌పత్త ఉన్నదా, తేవాల్నా?" అన్నది.


ఆగస్టు 11, ఆదివారం

పొద్దున ఈయన, నేను కలిసి బీరువాను ముందుకు లాగాం. పెట్టినప్పటి నుంచి అది గోడకు అతుక్కునే ఉంది. ఇల్లు విశాలంగా కనబడాలని నేనే ఆనించి పెట్టించాను. లాగి చూస్తే, గోడ మీద ఇంకో బీరువా ఉంది. నల్లటి బీరువా. ఎత్తు, వెడల్పు అంతా అదే. బీరువా వెనక రేకు కూడా తుప్పు పట్టింది. గోడ పైభాగం, స్లాబు, పైనుంచి నీళ్లు దిగాల్సిన జాగా మాత్రం పొడిగా, తెల్లగా నవ్వుతున్నాయి.

ఈయనకు బాయి మీద పెద్ద ఫ్యాను దగ్గర డ్యూటీ. లోపల పనిచేసే వాళ్లకు గాలి తోలే ఫ్యాను. అందుకని ఇంట్లో ఏం జరిగినా ఆ ఫ్యాను పోలికే తెస్తాడు. మామూలుగా నేను వినను. ఇవ్వాళ వినక తప్పలేదు.

"మా ఫ్యాను జరసేపు ఆగితె మనుషులందరిని పైకి తోలుకస్తరు. నువ్వు ఇరవై ఏండ్ల సంది గాలి బంద్ పెట్టినవు. మమ్ముల ఎవలూ పైకి తోలుకపోలే," అన్నాడు.

"నవ్వులాటగున్నదా?"

"తడి బట్టలు గీ పడక అర్రలనే, అన్నం ఆవిరి గీడికే, మనం ఇడిసే ఊపిరి గీడనే. బయటికి పోయే తొవ్వేది? ఒక్క కిటికి ఉండె. అదీ నెలరోజుల సంది..."

అక్కడ ఆగాడు. ఎందుకు ఆగాడో నాకు తెలుసు. ఆయనకూ తెలుసు.

అంటే తప్పు నాదని ఒప్పుకున్నట్టు కాదు. బూజుకు అనేక కారణాలు ఉంటాయి.


ఆగస్టు 14

బీరువా గోడకు జానెడు దూరం. బట్టలు వరండాలోకి పోయాయి. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను కన్నంలో దుబ్బ రాకుండా కుక్కిన గోనెసంచి తీసేశాను. దానిలో పిచ్చుక గూడు ఉంటుందనుకున్నాను, బొగ్గే ఉంది. వంట చేసేటప్పుడు ఆ ఫ్యాను వేస్తున్నాను. బ్లాస్టింగ్ వేళ మూసి, దుబ్బ అణిగాక వెనక కిటికీలు తెరుస్తున్నాను. గట్టు మీద సన్నటి నల్లటి పొర పడుతుంది. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఇంత చిన్న పనికి ఇన్నేళ్లు భయపడ్డానా అనిపించింది. గోడను మళ్లీ తుడిచి ఆరనిచ్చాను.

అన్నీ తెరిచాను. ఆ ఒక్కటి తప్ప.


ఆగస్టు 19, సోమవారం

గోడ ఆరుతుంది. నలుపు తిరిగి రాలేదు. మెట్ల వైపు మూల మాత్రం అలాగే ఉంది, చెమ్మ, చుక్కలు.

"వచ్చే గాలి ఉంటె సాలదు, పోయే తొవ్వ గావాలె," అన్నాడు ఈయన, నన్ను చూడకుండా, కిటికీనే చూస్తూ.

ఆ కిటికీ చెక్క వానకు ఉబ్బింది, తెరుచుకోదు అని చెప్పాను. నిజంగానే ఉబ్బి ఉండొచ్చు. నేను ప్రయత్నం చేసి చూడలేదు.


ఆగస్టు 21

చీర వచ్చింది. చాలా మచ్చలు పోయాయి. కొంగు అంచున ఒక మచ్చ, కుచ్చిళ్ల దగ్గర ఒకటి మిగిలాయి. కుచ్చిళ్లది మడతలో పోతుంది. కొంగుది ఎటు తిప్పినా పైకే వస్తుంది. దూది, నిమ్మరసం, ఆవిరి, అన్నీ చేశాను. ఆ మచ్చ నన్ను చూసి కదలనంటుంది.


ఆగస్టు 25, ఆదివారం

అత్తమ్మ పైనుంచి వచ్చి మంచం మీద కూర్చుని, తమలపాకు నములుతూ, ఎవరితోనో చెప్పినట్టు చెప్పింది.

"సుసన్న ఎర్ర చీర ఇస్త్రీ చేయించుకున్నది. గా నాటికి అదే కడ్తదట."

"పెండ్లిచీర?"

"అడగొద్దన్నది. 'సంతోషికి నా మీద కోపమున్నది, చీర అడిగితే చీరకోసమే మాట్లాడినట్టు ఉంటది. వద్దవ్వా,' అన్నది."

పన్నెండేళ్ల కింద మా పెద్దోడికి జ్వరం వస్తే, ఈయన నైట్ షిఫ్టులో ఉంటే, చెప్పులు కూడా వేసుకోకుండా నాతో దవాఖానకు ఉరికిన మనిషి. ఆమెను నేను ఇల్లు కూలగొట్టి పోతరా అని అడిగాను. నాకు ఆమె బాత్రూం మీద కోపం కాదు. ఆమె పోతుందని కోపం. నాకు చెప్పకుండా మంచిర్యాలలో ఇల్లు కట్టుకుందా అంటే అదీ కాదు, పాలు పొంగించిన రోజు నన్నే తీసుకుపోయింది. నేనే పాయసం వండాను. అప్పుడు ఆ ఇల్లు చూసి సంబరపడ్డాను, అందులోకి ఆమె పోతుందని మాత్రం ఎందుకో తట్టలేదు.

గోడ మీద నలుపు కనబడ్డప్పుడు, నిజం చెప్పాలంటే, ఒక క్షణం నాకు హాయి అనిపించింది. కొట్లాడటానికి ఏదో ఒకటి దొరికింది.


ఆగస్టు 27, మంగళవారం

కిటికీ నిజంగానే ఉబ్బింది. గుడ్డలు పీకాను, గొళ్లెం తీశాను, రెండు చేతులతో నెట్టాను. రాలేదు. ఈయన సుత్తి తెస్తానన్నాడు. వద్దన్నాను, నేనే మూశాను, నేనే తీస్తాను అన్నాను. భుజం పెట్టి ఒక్క తోపు తోశాను. దబ్బున తెరుచుకుంది. అప్పుడే సామాన్ల డబ్బా ఒకటి పట్టుకుని మెట్లు దిగుతున్న సుసన్నక్క "యేసయ్యా!" అని అరిచి గోడకు ఆనుకుంది.

ఆమె చిక్కిపోయింది. లేదా నేనే చాలా రోజులకు చూశాను.

"ఉన్నవా?" అన్నది.

నేను "లేను" అనాలి. దానికి బదులు ఏడ్చేశాను.

"అక్కా, నీ నీళ్లు కావు. తప్పు నాది. నువ్వు పోతున్నవని కోపం అచ్చింది. గోడమీద పెట్టిన. నీ చీర గూడ ఖరాబ్ చేసిన."

ఆమె డబ్బా మెట్టు మీద పెట్టి కిటికీలోంచి చేయి పెట్టింది. చీర తెచ్చి ఇచ్చాను. అక్కడే మెట్ల మీద కూర్చుని విప్పి చూసింది. కొంగు తిప్పింది, మచ్చ మీద వేలు పెట్టింది.

"దీనికా నువ్వు గింత పరేశాన్ అయ్యింది?"

"ఎంత రుద్దినా పోతలేదక్కా."

"ఎట్ల పోతదే? ఇది బూజు కాదు. పెండ్లి భోజనాల బంతిల మీ ఎడ్వర్డ్ బావ పోసిండు, సాంబారు. ముప్పై ఐదేండ్ల మరక. నేనే తియ్యలేక ఇడిసిపెట్టిన."

నేను ఏడుపు ఆపాను. ఒక వారం. నిమ్మరసం, దూది, ఆవిరి. ఎడ్వర్డ్ బావ సాంబారుతో కుస్తీ పట్టానన్నమాట.

"గీ పక్కన ఇంకోటుండాలె," అన్నది కొంగు వెతుకుతూ. "మా అత్త చేతి పసుపు మరక. ఏదే?"

"అది పోయింది."

"మంచి మరకను తీసి సాంబారును ఉంచినవా!" అని నెత్తి కొట్టుకుంది. తర్వాత నవ్వింది. ఆ నవ్వు విని అత్తమ్మ వంటింట్లోంచి అరిచింది.

"చాయ్ పెట్టాల్నా?"

"అల్లం ఏసుకొని పెట్టవ్వా," అన్నది సుసన్నక్క. "మీ కోడలు బాకీ పడ్డది."

చాయ్ తాగేటప్పుడు అడిగాను, నీలిమందు ఎంత కలిపావని.

"సీస మొత్తం. దిగాలె అని ప్రార్థన గూడ చేసిన."

"దిగితే తప్పు నీది అయ్యేది గద."

"అయితే అయితుండె. మేస్త్రిని తీసుకొని రోజూ నీ ఇంట్లకు అచ్చేదాన్ని."


ఆగస్టు 31, శనివారం

బ్యాండు, రంగులు, దండలు. ఎడ్వర్డ్ బావ మెడ కనబడలేదు. సుసన్నక్క తెల్ల పట్టుచీర కట్టింది. కొంగు నేనే పిన్ను పెట్టాను, సాంబారు మరక పైకే వచ్చేలా. బావకు చూపిస్తే, "గది నేను పోయలే, వంటోడు పోసిండు," అన్నాడు. ముప్పై ఐదేళ్ల నుంచి ఇదే వాదనట.

వానకు ముందే ఊరేగింపు ఇంటికి చేరింది.


సెప్టెంబర్ 5

సామాను పోయింది. పైన అడుగుల చప్పుడు లేదు. నా గది మూల పూర్తిగా ఆరింది. ఇలాంటి గోడ కోసమే కదా ఇంత కొట్లాట. దాన్ని చూస్తే ఏమీ సంతోషం లేదు.

కిటికీ తెరిచే ఉంటుంది. గట్టు మీద దుబ్బ పడుతుంది. తుడుస్తున్నాను.


సెప్టెంబర్ 20, శుక్రవారం

సుసన్నక్క ఫోను.

"సంతోషీ, ఉన్నవా?"

"లేను."

"మా కొత్తింట్ల పడకగది గోడకు నల్లగ ఏందో అచ్చిందే. వాసన గూడ."

నేను తెలియని దానిలా అడిగాను. "బీరువా గోడకానిచ్చి పెట్టినవా?"

"ఇల్లు పెద్దగ కనబడ్తదని..."

"కిటికీలు?"

"రోడ్డు పక్కన గదనే. దుబ్బ."

నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఈయన పేపరు దించి నా వంక చూశాడు.

"నీ పైన ఎవలున్నరక్కా?"

"ఎవలూ లేరు. ఉత్త స్లాబు."

"మరి ఎవలతోని కొట్లాడుతవు?"

ఫోను కట్ అయిందనుకున్నాను.

"గందుకే గద," అన్నది, "నిన్ను రమ్మంటున్న."

ఆదివారం పొద్దున బస్సుకు మంచిర్యాల పోతున్నాను. బీరువా జరపాలి కాబట్టి ఈయన కూడా వస్తున్నాడు. టీవీ ఇంకా ఒక పక్కకు వంగే ఉంది. ఈ డైరీని మళ్లీ దాని కాలు కింద పెట్టేస్తున్నాను.